సైకిళ్ల వాళ్లు పెట్టిన క్లబ్బు దేశానికి పటం గీసింది: టూరింగ్ క్లబ్ ఇటాలియానో కథ

ప్రశ్న: మా అన్నయ్య ఇటలీ నుంచి వస్తూ పాత పుస్తకాల అంగట్లో ఒక ఎర్ర అట్ట గైడు కొనుక్కొచ్చాడు. వేసింది టూరింగ్ క్లబ్ ఇటాలియానో. ఆ క్లబ్బు పెట్టింది సైకిల్ తొక్కేవాళ్లని ఎవరో అన్నారు. నిజమేనా? సైకిళ్ల వాళ్లకీ గైడు పుస్తకాలకీ ఏమిటి సంబంధం? ఆ పుస్తకం పట్టుకుని ఇప్పుడు అక్కడ సైకిల్ మీద తిరగొచ్చా?

జవాబు:

నిజమే. 1894 నవంబరు 8న మిలాన్‌లో 57 మంది సైకిల్ ప్రియులు కలిసి పెట్టిన సంఘం అది. మొదట్లో దాని పేరులోనే సైకిల్ ఉండేది: టూరింగ్ క్లబ్ చిక్లిస్తికో ఇటాలియానో. "వాళ్లు మొదట సైకిళ్లు తొక్కారు, తర్వాత అవి పక్కన పడేసి పుస్తకాల వ్యాపారంలోకి దిగారు" అని చాలామంది చెబుతుంటారు. నేను ఒప్పుకోను. ఆ పటాలు, ఆ గైడ్లు పుట్టిందే సైకిల్ అవసరంలోంచి. చాలా ఏళ్లుగా మిలాన్‌లో ఉంటున్నాను, ఆ క్లబ్బు పటాలు పట్టుకునే ఇటలీలో సగానికి పైగా తొక్కాను. అందుకని కాస్త పొడుగైనా వివరంగా రాస్తాను.

ముందు ఆనాటి రోడ్డు ఎలా ఉండేదో చూడాలి. రైలు రాకముందు దూరప్రయాణం అంటే గుర్రపు బండి. ఇన్ని మైళ్లకి గుర్రాలు మార్చుకునే మజిలీ, మజిలీలో తిండి, పడక, ముందు దారి ఎలా ఉందో చెప్పే బండివాళ్లు, ఇలా దారి పొడుగునా ఒక ఏర్పాటు ఉండేది. రైలు వచ్చాక దూరం వెళ్లేవాళ్లంతా రోడ్డు దిగి రైలెక్కేశారు. మజిలీలు మూతబడ్డాయి. రోడ్డు మీద మిగిలింది సంతకి వెళ్లే ఎడ్లబండి, పక్క ఊరికి వెళ్లే మనిషి. వాళ్లకి బోర్డు అక్కర్లేదు, పటం అక్కర్లేదు. పుట్టి పెరిగిన దారి అది. అరవై కిలోమీటర్ల అవతలి ఊరికి దారి అడిగితే ఆ ఊళ్లో చెప్పగలిగేవాడు ఉండేవాడు కాదు. స్టేషనుకి దారి చూపించేవాళ్లు.

అలాంటి రోడ్డు మీదికి సైకిల్ వచ్చింది. 1885లో స్టార్లీ రోవర్ సైకిల్‌తో రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తుకి వచ్చాయి, గొలుసు వెనక చక్రాన్ని తిప్పింది. 1888లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. దాంతో మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి ఒక్క రోజులో వంద కిలోమీటర్లు వెళ్లగలిగాడు. అంటే తనకేమీ తెలియని ఊళ్లలోకి, తనెవరో తెలియని మనుషుల మధ్యకి, రైలు సాయం లేకుండా వెళ్లగలిగాడు. వెళ్లాక పుట్టే ప్రశ్నలు ఇవాళ లాంగ్ రైడ్‌కి బయల్దేరే ఎవరికైనా తెలిసినవే. ముందు ఎక్కుడు ఎంత? నీళ్లు ఎక్కడ? చీకటి పడితే ఎవరు రానిస్తారు? పంక్చరయితే? ఆ ప్రశ్నలకి జవాబు చెప్పే సర్కారీ కార్యాలయం ఒక్కటీ లేదు. రైల్వే కంపెనీకి ఆ అవసరమే లేదు. సైన్యం దగ్గర మంచి పటాలు ఉన్నాయి కానీ అవి యుద్ధానికి గీసినవి, దారిన పోయేవాడికి కాదు. కాబట్టి సైకిళ్ల వాళ్లే పూనుకున్నారు.

ఈ పని మొదట ఇంగ్లండులో జరిగింది. 1878 ఆగస్టు 5న హారోగేట్ అనే ఊళ్లో బైసికిల్ టూరింగ్ క్లబ్ పుట్టింది. ముందుండి నడిపింది స్టాన్లీ కాటెరెల్ అనే యువకుడు. మూడు చక్రాల బళ్లవాళ్లని కూడా కలుపుకోవడానికి 1883లో పేరు సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అని మార్చారు. రెక్కలున్న చక్రం వాళ్ల గుర్తు. ఆ గుర్తు వేలాడే పూటకూళ్ల ఇంట్లో సభ్యుడికి ముందే ఒప్పుకున్న రేటుకి తిండి, పడక. ఊరికో ప్రతినిధి, ఆయన్ని కాన్సుల్ అనేవాళ్లు. ప్రమాదకరమైన దిగుళ్ల దగ్గర హెచ్చరిక బోర్డులు కూడా వాళ్లే పెట్టించారు. ఆ కాలపు సైకిల్ బ్రేకులు ఎంత బలహీనమో తెలిసినవాళ్లకి ఆ బోర్డు విలువ తెలుస్తుంది. ఫ్రాన్సులో 1890లో ఇలాంటి క్లబ్బే వచ్చింది. హాలండులో ఇంకా ముందే, 1883లో. మిలాన్ వాళ్ల ముందు ఈ నమూనాలన్నీ ఉన్నాయి.

మిలానే ఎందుకు అంటే, సరుకు అక్కడ ఉంది. పిరెల్లి రబ్బరు ఫ్యాక్టరీ 1872 నుంచి ఆ ఊళ్లోనే ఉంది. ఎదోవార్దో బియాంకి సైకిళ్ల దుకాణం 1885లో తెరిచాడు. డబ్బూ తీరికా ఉన్న వ్యాపారస్తులు, వకీళ్లు, ఇంజనీర్లు కొత్త బండి మోజులో ఉన్నారు. పందేల సంఘం వేరే ఉండేది, 1885 నుంచీ. పందేల వార్తలకి 1896లో గజెట్టా దెల్లో స్పోర్ట్ పత్రిక మొదలైంది, 1909లో జిరో దితాలియా అనే సైకిల్ పందెం పెట్టింది ఆ పత్రికే. టూరింగ్ వాళ్లు ఆ దారిన పోలేదు. ఎవరు ముందు చేరారన్నది వాళ్లకి పట్టలేదు, దారిలో ఏముందన్నదే పట్టింది. మొదటి రోజుల్లోనే ఈ గీత స్పష్టంగా గీసుకోవడం వాళ్లు చేసిన మంచి పని అని నా అభిప్రాయం. పందేలు, యాత్రలు రెండూ ఒకే సంఘంలో ఉంటే డబ్బూ దృష్టీ ఎప్పుడూ పందేల వైపే పోతాయి.

ఆ 57 మందిలో ఇద్దరి పేర్లు గుర్తుంచుకోవాలి. ఒకరు ఫెడెరికో జాన్సన్. పేరు ఇంగ్లీషుది, మనిషి మిలాన్ వాడు. సంఘాన్ని మొదటి పాతికేళ్లు నిలబెట్టిన కార్యదక్షుడు. రెండో ఆయన లుయిజి విట్టోరియో బెర్తరెల్లి, 1859లో పుట్టాడు. చర్చిల్లో వాడే సామగ్రి అమ్మే వ్యాపార కుటుంబం వాళ్లది. ఆయన తమ్ముడు అకిల్లే బెర్తరెల్లి పాత ముద్రణా చిత్రాలు సేకరించేవాడు, ఆ సేకరణ ఇప్పటికీ మిలాన్ కోటలో ఉంది. లుయిజికి ఇంకో పిచ్చి, గుహలు. భూమి లోపలికి తాళ్లు కట్టుకుని దిగి కొలతలు తీసేవాడు. 1926లో, ఆయన చనిపోయిన ఏడే, మరొకరితో కలిసి రాసిన పెద్ద పుస్తకం రెండు వేల గుహల వివరాలతో వచ్చింది. ఎక్కడికి వెళ్లినా కొలిచి, రాసి, వెనక వచ్చేవాడికి అందించడం ఆయన స్వభావం. టూరింగ్ క్లబ్ స్వభావమూ అదే అయింది.

1897లో బెర్తరెల్లి సైకిల్ మీద, బూటు ఆకారంలో ఉండే ఇటలీకి బొటనవేలి చివర ఉన్న రెజ్జో కలాబ్రియా నుంచి ఉత్తరంగా ఎబొలి అనే ఊరి దాకా తొక్కాడు. పటం తీసి ఈ దారి ఒకసారి చూడండి. ఇటు సముద్రం, అటు కొండలు, మధ్యలో చదును అన్నది తక్కువ. ఏ గేర్లూ లేని ఇనుప సైకిల్ మీద, మట్టి రోడ్ల మీద అది చిన్న ప్రయాణం కాదు. పైగా ఇటలీ ఒక్క దేశమై అప్పటికి 36 ఏళ్లు, రోము కలిసి 27 ఏళ్లు. మిలాన్ పెద్దమనిషికి పారిస్ తెలుసు, లండన్ తెలుసు, సొంత దేశపు దక్షిణ కొసన ఉన్న కలాబ్రియా తెలియదు. బెర్తరెల్లి ఆ యాత్ర మీద రాసిన రాతల్లో రోడ్డు స్థితి, ఊళ్ల స్థితి, మనుషుల స్థితి పక్కపక్కనే ఉంటాయి. క్లబ్బు ఆ తర్వాత పెట్టుకున్న లక్ష్యం, ఇటలీ వాళ్లకి ఇటలీని తెలియజేయడం, ఇలాంటి ప్రయాణాల్లోంచే వచ్చిందని నేను నమ్ముతాను.

క్లబ్బు తొలి ఏళ్లలో చేసిన పనులు వింటే పెద్దగా అనిపించవు. ఊరూరా కాన్సుళ్లు. దారి పక్క సత్రాల్లో పనిముట్ల పెట్టె, మందుల పెట్టె. కూడళ్లలో బాణం గుర్తుతో ఊరి పేరు, దూరం రాసిన రేకు బోర్డు. దారుల ఎత్తుపల్లాల పట్టీలు: ఒక గీత మీద కిలోమీటర్లు, దాని పైన కొండ ఎక్కుడు దిగుడు ఆకారం. ఈ రోజు ఫోన్‌లో రైడ్ తెరవగానే కింద కనిపించే ఎలివేషన్ బొమ్మ ఉందే, అదే. కాకపోతే దాన్ని ఒక మనిషి ఆ దారిన వెళ్లి, చూసి, రాసి పంపితే మిలాన్‌లో అచ్చయ్యేది. పని అంతా కాన్సుళ్ల మీదే నడిచింది. వాళ్లు జీతగాళ్లు కాదు. మందుల షాపాయన, టీచరు, నోటరీ. తన ఊరి చుట్టుపక్కల రోడ్లలో ఏది వానలకి కొట్టుకుపోయిందో, ఏ సత్రం శుభ్రంగా ఉందో రాసి పంపేవాడు. 1899 నాటికి సభ్యులు 16,000. దేశమంతా కళ్లు ఉన్న సంఘం అయింది.

ప్రభుత్వాలకి మొదట్లో సైకిల్ అంటే అనుమానమే. 1897లో దాని మీద వార్షిక పన్ను వేశారు. 1898 మేలో రొట్టె ధరలు పెరిగి మిలాన్ వీధుల్లో జనం తిరగబడితే జనరల్ బావా బెక్కారిస్ ఫిరంగులు పేల్పించాడు. సైనిక పాలన పెట్టి, సైకిళ్లు రోడ్డెక్కకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. కబురు ఒక పేట నుంచి ఇంకో పేటకి క్షణాల్లో చేరవేసే బండి అని భయం. సైకిల్ ప్రియుల సంఘం పుట్టిన ఊళ్లోనే నాలుగేళ్లకి సైకిల్ నేరమైంది. ఆ దెబ్బ తగిలాక కూడా ఆ సంఘం మూతబడకుండా మరుసటేటికి పదహారు వేలకి చేరిందంటే అది జనానికి ఎంత పనికొచ్చిందో ఊహించుకోండి.

ఇప్పుడు అసలు మలుపు. 1900లో పేరులోంచి "చిక్లిస్తికో" తీసేశారు. సైకిలైనా, మోటారైనా, రైలైనా, కాలినడకైనా, ప్రయాణం చేసే ప్రతివాడూ మావాడే అన్నారు. హాలండు సంఘం కూడా అదే దారిన పోయింది. పేరులో సైకిల్ మాట ఇంకా అలాగే ఉంచుకుంది, కానీ ఈ రోజు అక్కడ ఆ సంఘం అంటే కారు ఆగిపోతే ఫోన్ చేసే చోటు. ఇంగ్లండులో మాత్రం కథ వేరేగా నడిచింది. అక్కడా క్లబ్బు మోటారు వాళ్లని చేర్చుకోవాలనుకుంది, సభ్యులు ఓటు వేశారు, నిబంధన మార్చుకోవడానికి కోర్టు అనుమతి కావాల్సి వచ్చింది. 1907 నాటి తీర్పులో జడ్జి వారింగ్టన్ కుదరదన్నాడు. సైకిల్ తొక్కేవాళ్లని కాపాడతామని పెట్టుకున్న సంఘం, వాళ్లకి ఎవరి వల్ల ముప్పో వాళ్లనే ఎలా చేర్చుకుంటుంది అన్నది ఆయన తర్కం. ఆ క్లబ్బు అలా సైకిళ్ల వాళ్లదిగానే మిగిలింది, ఇప్పుడు సైక్లింగ్ యూకే అనే పేరుతో సైకిల్ హక్కుల కోసం పనిచేస్తోంది. ఒకసారి గెలిచింది, ఒకసారి ఓడింది, కానీ సైకిళ్ల వాళ్ల తరఫు వకీలుగా ఎప్పుడూ నిలబడింది. 1898లో హార్బర్టన్ దొరసాని సైకిల్ తొక్కడానికి వీలుగా గౌను బదులు వదులు పైజామా లాంటిది వేసుకుందని ఒక హోటల్ ఆమెని భోజనాల గదిలోకి రానివ్వకపోతే, ఆ కేసు నడిపింది ఈ క్లబ్బే. ఓడిపోయింది. అయినా దేశమంతా ఆ విషయం మాట్లాడుకుంది.

ఏది సరైన దారి అని అడిగితే నా జవాబు ఇది. ఇటలీ వాళ్ల నిర్ణయం వల్ల దేశానికి ఎంతో మేలు జరిగింది, సైకిల్‌కి నష్టం జరిగింది. రెండూ నిజం.

మేలు ముందు చెబుతాను. 1906లో క్లబ్బు ఇటలీ మొత్తానికి 1:2,50,000 స్కేలులో పటం తయారీకి పూనుకుంది. గీసి అచ్చు వేసింది దె అగోస్తిని సంస్థ. 50కి పైగా షీట్లు, విడతల వారీగా ఏళ్ల తరబడి సభ్యుల ఇళ్లకి చేరాయి. ఆ స్కేలు ఊరికే ఎంచుకున్నది కాదు. ఒక సెంటీమీటరు అంటే రెండున్నర కిలోమీటర్లు. సైకిల్ మీద వంద కిలోమీటర్ల రోజు 40 సెంటీమీటర్లు, అంటే మోకాళ్ల మీద పరుచుకుంటే ఒక్క చూపులో పట్టేంత. సైన్యం పటాల్లో అదే దూరానికి షీటు మీద షీటు మార్చుకుంటూ పోవాలి, రైల్వే పటాల్లో మధ్య ఊళ్లే ఉండవు. చిన్న రోడ్డూ కనబడాలి, రోజంతటి దారీ కనబడాలి అనే పట్టింపు సైకిల్ తొక్కినవాడికే వస్తుంది. మోటారు వాళ్లు తర్వాత ఆ పటాన్నే వాడుకున్నారు.

తర్వాత మీ అన్నయ్య కొన్న ఎర్ర పుస్తకం. అప్పటిదాకా ఇటలీకి మంచి గైడు కావాలంటే జర్మనీ నుంచి వచ్చే బెడెకరే దిక్కు, అదీ విదేశీయుల కోసం రాసింది. 1914లో టూరింగ్ క్లబ్ సొంత గైడు వరుస మొదలుపెట్టింది. మొదటి సంపుటి పియెమోంతె, లొంబార్దియా, వాటితో పాటు స్విట్జర్లండులో ఇటాలియన్ మాట్లాడే తిచీనో ప్రాంతం. అట్ట మీద పేరు బెర్తరెల్లిది. తెరిచి చూడండి, ఊళ్లు అకారాది క్రమంలో ఉండవు. దారుల వెంట ఉంటాయి. బయల్దేరిన చోటు నుంచి ఇన్నో కిలోమీటరు దగ్గర వంతెన, ఇన్నో కిలోమీటరు దగ్గర కుడివైపు కొండ మీద పాత చర్చి, అక్కడి నుంచి చీలే దారి ఎటు పోతుంది. చూడదగ్గ వాటికి ఒక నక్షత్రం, తప్పక చూడాల్సిన వాటికి రెండు. రోడ్డు మీద చక్రాల వేగంతో వెళ్లే మనిషి కన్ను అది. పేరులో సైకిల్ పోయి 14 ఏళ్లయినా రాసే తీరులో పోలేదు. అందుకే మొదట్లో అన్నాను, ఆ పుస్తకం సైకిల్ అవసరంలోంచే పుట్టిందని.

1917లో లె వియె దితాలియా అనే పత్రిక, 1927లో ప్రపంచ పటాల పెద్ద అట్లాసు, 1931లో ఏ ఊళ్లో ఏం తినాలో చెప్పే భోజనాల గైడు వచ్చాయి. ఈ భోజనాల గైడు గురించి వేరే రాయాలి, అంత విలువైనది.

చీకటి అధ్యాయం కూడా దాటేయకూడదు. ముసోలినీ పాలనలో విదేశీ మాటలు పనికిరావని 1937లో క్లబ్బు పేరు కన్సొచాత్సియోనె తురిస్తిక ఇటాలియానా అని మార్పించారు. పేరుతో పోతే బాగుండును. 1938లో ఇటలీ ఆక్రమించుకున్న ఇథియోపియా, ఎరిత్రియా, సోమాలియా ప్రాంతాలకి ఇదే ఎర్ర వరుసలో గైడు వేశారు. అదే శ్రద్ధ, అవే కిలోమీటర్ల లెక్కలు, కానీ జయించినవాడి చూపు. ఆ సంపుటి నేను చదివాను, మనసు చివుక్కుమంటుంది. దారులు తెలియజేయడం ఎప్పుడూ అమాయకమైన పని కాదు, ఎవరి కోసం అన్నది చూడాలి. యుద్ధం ముగిశాక పాత పేరు తిరిగి వచ్చింది.

ఇప్పుడు ఆ క్లబ్బు చేసే పనుల్లో నాకు నచ్చినవి రెండు. సముద్రానికి దూరంగా ఉన్న చిన్న ఊళ్లని పరీక్షించి, బాగా చూసుకుంటున్న వాటికి నారింజ రంగు జెండా ఇస్తారు. 1998లో లిగూరియాలోని సస్సెల్లోతో మొదలైంది. రెండోది 2005లో మొదలైన అపెర్తి పెర్ వోయి. సిబ్బంది లేక తాళం వేసి ఉండే చర్చిలు, పాత భవనాల దగ్గర క్లబ్బు సభ్యులు వంతుల వారీగా కూర్చుని తలుపులు తెరిచి ఉంచుతారు. ఆనాటి కాన్సుళ్ల వారసులు వీళ్లే అనిపిస్తుంది నాకు. మిలాన్‌లో కోర్సో ఇటాలియా వీధిలో ఉన్న వాళ్ల పాత భవనంలో ఇప్పుడు హోటల్ నడుస్తోంది.

ఇక నష్టం సంగతి. అందరి సంఘం అయ్యాక సైకిల్ తొక్కేవాడి తరఫున గట్టిగా అడిగేవాళ్లు ఇటలీలో లేకపోయారు. కార్లు పెరిగాయి, రోడ్లు కార్ల కోసం వెడల్పయ్యాయి, సొరంగాలు తవ్వారు, పక్కన సైకిల్‌కి జాగా వదలాలని పట్టుబట్టే పెద్ద గొంతు లేదు. చివరికి 1988లో సైకిల్ మిత్రుల సంఘాలన్నీ కలిసి ఎఫ్ఐఏబీ అనే సమాఖ్యని కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. సైకిళ్ల వాళ్లు పెట్టిన అంత పెద్ద సంఘం ఉన్న దేశంలో 94 ఏళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి! ఇంగ్లండు జడ్జి తీర్పు ఆ కాలంలో సంకుచితంగా కనిపించి ఉండొచ్చు కానీ, ఈ కోణంలోంచి చూస్తే ఆయన దూరం ఆలోచించాడు. ఫ్రాన్సు క్లబ్బు అందరి సంఘంగా మారీ 1983లో మూతబడింది, కాబట్టి అందరినీ చేర్చుకున్నంత మాత్రాన బతుకుతామన్న భరోసా కూడా లేదు.

మీ చివరి ప్రశ్నకి వస్తే, తిరగొచ్చు, కానీ ఒక్క ఆ పుస్తకాన్నే నమ్ముకుని కాదు. పాత సంపుటిలో ప్రధాన రహదారిగా చెప్పినది ఇప్పుడు లారీల మయం కావచ్చు, పో నది మైదానంలో చాలాచోట్ల అంతే. ఆటోస్ట్రాడా, అంటే మోటారు బళ్ల వేగ రహదారి, ఎక్కనివ్వరు, కొన్ని సొరంగాల్లోకీ సైకిల్‌ని రానివ్వరు. దారి ఎంచుకోవడానికి ఇదే క్లబ్బు వేసే 1:2,00,000 స్కేలు ప్రాంతీయ పటం కొనండి, ఒక సెంటీమీటరుకి రెండు కిలోమీటర్లు. అందమైన దారుల పక్కన ఆకుపచ్చ గీత ఉంటుంది. వాటిలో సన్నటివి పట్టుకుని పొండి.

పాత గైడు నిజంగా అక్కరకొచ్చేది కొండదారుల్లో. సొరంగం తవ్వకముందు రోడ్డు ఎటు పోయేదో అందులో ఉంటుంది. ఉదాహరణకి తిచీనోలో ఐరోలో నుంచి గొత్తార్దో కనుమ ఎక్కే పాత త్రెమోలా రోడ్డు. 1980లో రోడ్డు సొరంగం తెరిచాక బళ్లు చాలావరకు కిందికి పోయాయి, రాళ్లు పరిచిన ఆ వంకర్ల దారి సైకిళ్లకి బాగా అనువైంది. వేసవిలోనే తెరిచి ఉంటుంది, రాళ్ల మీద కాబట్టి టైర్లు కొంచెం వెడల్పువి వేసుకోండి, గాలి మామూలు కన్నా తక్కువ కొట్టండి.

మీ అన్నయ్య పుస్తకం ముద్రణ సంవత్సరం మొదటి పేజీల్లో ఉంటుంది, చూసి చెప్పండి. మడతపెట్టిన పటాలన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి. కాగితం చాలా పల్చన, పటం మడత దగ్గరే ముందు చిరుగుతుంది. ప్రయాణానికి అసలు పుస్తకం మోసుకెళ్లొద్దు, కావలసిన పేజీలు ఫోటో తీసుకెళితే చాలు. ఏ ప్రాంతం సంపుటో, ఏ నెలలో వెళ్లాలనుకుంటున్నారో రాస్తే దారి గురించి ఇంకా వివరంగా చెబుతాను.